పళ్ల డాక్టరు అద్దం

కురుపాం మార్కెట్ వెనక సందులో
నా బల్ల మీద వెల్లకిలా పడుకుంది గిటారు.
వయసెంతో చెప్పమంది ఓర్లీన్ టీచరమ్మ.

కంపెనీ చీటీని పురుగు తినేసింది.
స్క్రూలు చూశాను, తల మీద ఒకటే గాడి.
ప్లస్సు గుర్తు ఇంకా ఇటు రాని కాలం.
మరలకి హార్బరు గాలి పట్టించిన చిలుము.
ముక్కు ఆనిస్తే
తోలు మరిగించిన జిగురు వాసన.

పళ్ల డాక్టరు పారేసిన అద్దం లోపలికి దించి
టార్చి వేశాను.
పగులు మీద అతికించిన పేపరు ముక్క.
తిరగబడ్డ అక్షరాలు కూడబలుక్కున్నాను:
'రాత్రి దీపములు ఆర్పవలెను.'
బాంబులు పడ్డ ఏడాది.
అప్పటికే ఇది వాయించి, పగిలి, అతుకు పడింది.
ఇంకో పదేళ్లు వెనక్కి.

లెక్క తేలిపోయేదే,
గోటి గీతలు అడ్డం రాకపోతే.
కన్నానికి కింద ఉండాల్సినవి పైనున్నాయి.
"మీ నాన్నగారిది ఎడమ చేతివాటమా?"

లోకో షెడ్డు సైరను మోగి ఆగేదాకా
ఆవిడ మాట్లాడలేదు.
"నాన్న కాదు, అమ్మ.
దీన్ని ముట్టుకోగా నేనెప్పుడూ చూడలేదు.
గరిటె కుడిచేతికి మార్చుకుని
రోజూ కాస్త ఒలకబోసేది."

రసీదు మీద 'సుమారు 1932' అని రాశాను.
అటు చూడనేలేదు.
తీగలు తిరగేసి కట్టాలంటే
ఎన్నాళ్లు పడుతుందని అడిగింది.