మిగిలిన మూడు గంటలు

ముప్పై ఏళ్లు కాలువకి నీరుగంటిని,
మా బాత్కెన్ వైపు మీరాబ్ అంటారు.
మోకాళ్లు అరిగాక పార ఇంకొకరికిచ్చేసి
మధ్యాహ్నాలు బడికొస్తున్నాను
లెక్కలు రాని పిల్లల పక్కన కూర్చోడానికి.

కనికేయ్ టీచరు ఐదుగురిని అప్పజెప్పింది,
స్టవ్వు పక్క బెంచీ.
"వీళ్లకి ఏడో ఎక్కం ఎక్కడం లేదు తాతా."
నాకు మాత్రం ఎక్కిందా?
ఏడెనిమిదుల దగ్గర నా నాలుక ఇప్పటికీ
ఒక్క క్షణం ఆగి, చెప్పులు విప్పుకుని, దాటుతుంది.

పుస్తకం మూయించాను.
ఖుబానీ గింజలు నేల మీద పోశాను.
వరుసకి ఎనిమిది, ఏడు వరుసలు.
వేసవంతా రేకుల మీద పళ్లు ఆరబెట్టిన చేతులు,
చెప్పకుండానే తిన్నగా పేర్చాయి.
ఇటునుంచి చూడు, ఏడెనిమిదులు.
అటు వెళ్లి చూడు, ఎనిమిదేళ్లు.
గింజలు కదల్లేదు, కదిలింది నువ్వే.
నూర్బోలోత్ ఆరుసార్లు అటూ ఇటూ తిరిగాడు
ఇందులో మోసమేమైనా ఉందేమోనని.
చివరికి లెక్కపెడితే యాభై ఐదే తేలాయి.
వాడి బుగ్గ ఒకవైపు ఉబ్బి ఉంది.

గుణకారం అలా కాస్త కాస్తా ఇంకింది.
భాగహారం దగ్గర జిపార్ మొరాయించింది.
మూడో తరగతి. రెండు జడలు.
కొరికి కొరికి బ్రష్షైపోయిన పెన్సిలు.
పన్నెండు రొట్టెలు, నలుగురు మనుషులు, తలా ఎన్ని?
బొమ్మ గీసినా రాదు.
గింజలిచ్చి పంచమంటే
ఒకరికి ఐదు, ఒకరికి నాలుగు, ఒకరికి రెండు,
చివరివాళ్లకి ఒకటి.
రెండు వారాలు, పాపం బుర్ర మందం అనుకున్నాను.
ఒకరోజు విసుగు మింగి అడిగాను, ఎందుకమ్మా ఇలా?

"నాయనమ్మకి పళ్లు లేవు, ఒకటి చాలు.
నాన్న మేకల వెంట కొండెక్కాలి, ఐదు.
అమ్మ కడుపుతో ఉంది, నాలుగు.
నాకు రెండు."
సమానంగా పంచమన్నాను కదా?
"మా ఇంట్లో ఎవరి ఆకలి వాళ్లది తాతా."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు నా పాత లెక్క దాని ముందు పెట్టాను.
రోజుకి ఇరవై నాలుగు గంటల నీళ్లు, కాలువ మీద ఏడిళ్లు.
ఇది మాత్రం సమానంగా పంచాల్సిందే,
లేకపోతే పారలు లేస్తాయి, ఇదిగో నుదుటి మీద మచ్చ.
మచ్చని వేలితో తాకి చూసింది.
తర్వాత గింజలు పంచింది. ఇంటికి మూడు.
ఇంకో చుట్టు మొదలెట్టబోయి ఆగింది.
"మూడు మిగిలాయి. ఏడిళ్లకి చాలవు."
దాన్ని శేషం అంటారు, పక్కన రాసి వదిలేస్తారు.
"నీళ్లని ఎలా వదిలేస్తారు? నువ్వేం చేసేవాడివి?"

ముప్పై ఏళ్లలో నన్నెవరూ అడగలేదు.
కాలువ చిట్టచివర అనార్కాన్ ఇల్లు.
ఆమె వంతు నీళ్లు
దారిలోనే సగం మట్టి తాగేసేది.
ఆ మూడు గంటలూ అటు తిప్పేవాణ్ణి, రాత్రి,
లాంతరు లేకుండా.
చెప్పేశాను.

జిపార్ తలూపింది, తోటి నీరుగంటిలా.
నోటుబుక్కులో రాసింది:
భాగఫలం మూడు, శేషం మూడు.
శేషం పక్కన చిన్న ఇల్లు గీసి
గుమ్మం దాకా నీలం గీత లాగింది.

టీచరు రెండు మూళ్లకీ టిక్కు పెట్టి
ఇంటి దగ్గర ఎర్ర పెన్ను ఆపి
"ఇదేమిటి?" అంది.
నేను స్టవ్వులో బొగ్గులు సర్దుతున్నాను.