రెండో గంట

సువా నుంచి పడవ, పడవ దిగాక బస్సు.
తీరా లెవుకా చేరాక నాకు పనేమీ మిగల్లేదు.
చేపల ఫ్యాక్టరీలో మొరాయించిన శీతల యంత్రం
నేను రాకముందే దానంతటదే బాగుపడిందట.
ఫోర్‌మన్ సిగ్గుపడుతూ ఒక కొబ్బరి బోండాం చేతిలో పెట్టాడు.
తిరుగు పడవ రేపు తెల్లవారుజామున.

అలా దొరికింది నాకు ఈ ఊరు,
ఉతకబోతున్న చొక్కా జేబులో నోటు దొరికినట్టు.

ఉన్నది ఒకటే వీధి.
ఇటు సముద్రం. అటు కొయ్య దుకాణాలు,
వెనక నుంచి కొండ నెడుతుంటే
నీళ్లలో పడిపోకుండా
ఒకదాని భుజం ఒకటి పట్టుకుని.
నీలం రంగు పెచ్చు లేస్తే పచ్చ, పచ్చ లేస్తే
ఎవరో దొర పేరులో చివరి మూడక్షరాలు.
ఆయన ఏమమ్మేవాడో,
మేకులో, సారాయో, తుపాకి మందో.
ఇప్పుడక్కడ రీచార్జి కార్డులు, నూడుల్స్ పొట్లాలు,
బియ్యం బస్తా మీద ఒక పిల్లి.

వసేమాదా షిఫ్టు దిగి వస్తోంది
తెల్ల రబ్బరు బూట్లు చంకలో పెట్టుకుని.
ముప్పై ఏళ్లుగా చేపలు కోసిన చేయి చాపి
"కడిగినా పోదు, ఏమనుకోకు" అంది.
ఇది ఒకప్పుడు రాజధాని అనీ,
కొండ అడ్డమొచ్చి పెరగలేక
ఆ వైభవం సువాకి మూటగట్టుకు పోయిందనీ
నేను చదువుకుని వచ్చాను.
ఆమె చెప్పింది వేరు:
మొన్నటి తుఫానుకి ఎవరి ఇంటి రేకు
ఎవరి అరటితోటలో దొరికిందో.

చర్చి గడియారం నాలుగు కొట్టింది.
వాచీ సరిచేసుకున్నాను.
నిమిషం తర్వాత మళ్లీ నాలుగు.

"మొదటిది ఓడలవాళ్లకి, రెండోది మాకు" అందామె.
"కాదు, మొదటిది ఫాదర్‌ని నిద్ర లేపడానికి!"
మనవడు రుపేని.
"మా అత్త ఇంకోలా చెప్పేది" అని ఊరుకుంది.
అడిగాను. చెప్పలేదు.

మిషన్ కొండకి నూట తొంభైతొమ్మిది మెట్లు.
నా లెక్కకి నూట తొంభైఆరే వచ్చాయి.
"మూడు బాకీ" అన్నాడు రుపేని.

పైన గాలి. దూరంగా పగడపు దిబ్బ మీద తెల్లటి నురగ గీత.
వసేమాదా గడ్డంతో ఒక చిన్న దీవిని చూపించింది.
"మీవాళ్ల ఓడ అక్కడే ఆగింది.
కలకత్తాది. లోపల కలరా, మశూచి.
ఊళ్లో దిగనివ్వలేదు."

వాళ్లు మావాళ్లు కారు అందామనుకున్నాను.
నా భాష కాదు, నా జిల్లా కాదు,
మా ఇంట్లో నాకు ముందు సముద్రం దాటినవాళ్లే లేరు.
ఇవన్నీ వరసగా పేర్చుకుని నోరు తెరిచేలోగా
ఆమే అంది:
"అంతకు నాలుగేళ్ల ముందు మాకు తట్టు.
ఇల్లు విడిచి ఇల్లు ఖాళీ.
అదీ ఓడలోనే వచ్చింది."

నేను పేర్చుకున్న మాటలు
నాలోనే కూలిపోయాయి, చప్పుడు కాకుండా.

కింద గడియారం అయిదు కొట్టింది.
రుపేని బుగ్గలు పూరించి ఊపిరి బిగబట్టాడు,
రెండో గంట దాకా వదలకూడదట, అదీ ఆట.
నన్నూ పట్టమని మోచేత్తో పొడిచాడు.
పట్టాను.
వసేమాదా కూడా పట్టింది, కళ్లు ఆ దీవి మీదే ఉంచి.
నలభై దాకా ఆగగలిగాను.
ఆ తర్వాత ఎవరు గెలిచారో
వాళ్లిద్దరూ మెట్ల పొడవునా పోట్లాడుకుంటూనే ఉన్నారు.

దిగేటప్పుడు నేను లెక్కపెట్టలేదు.