గడ్డి చక్రం

నాలుగున్నరకే గుడారం మడిచాను.
ఎండ నిద్రలేచేలోపు
నలభై కిలోమీటర్లు దొంగిలించాలి.

పదకొండు లీటర్ల నీళ్ళు. రెండు డబ్బాల చేపలు.
ఒక ఉల్లిపాయ.
మూడు రోజులుగా దాన్ని కోయబుద్ధి కావడం లేదు,
సంచిలో ఇంకో మనిషి ఉన్నట్టుంది.

ఇరవై ఆరేళ్ళు కెయిర్న్స్‌లో స్కూలు బస్సు నడిపినదాన్ని.
ఇప్పటికీ మలుపు రాగానే అద్దంలోకి చూస్తాను
వెనక సీట్లో ఎవరు లేచి నిలబడ్డారోనని.
ఎర్రదుమ్ము.
అదీ చెబితే కూర్చోదు.

ఈ గల్ఫ్ దారి బట్టలుతికే పలక,
మైళ్ళకొద్దీ గాట్లు.
పళ్ళు టకటక, గిన్నెలు దడదడ,
ఒక్క ఆలోచనా చివరిదాకా సాగదు.
'ఎందుకొచ్చానిక్కడికి' అని మొదలై
'ఎం' దగ్గరే విరిగిపోతుంది.

రెండు పక్కలా మనిషెత్తు చెదపుట్టలు.
ఎవరో పనిలేనివాళ్ళు వాటికి చొక్కాలు తొడిగారు.
ఒకదానికి పోలీసు టోపీ.
చటుక్కున బ్రేకు పట్టుకున్నాను
గంటకి తొమ్మిది కిలోమీటర్ల వేగంలో.

దూరంగా దుమ్ముగోడ లేచిందంటే
దిగి గడ్డిలోకి తప్పుకోవడమే.
మూడు ట్రైలర్ల నిండా పశువులు,
పోయాక కూడా ఇంకా పోతూనే ఉన్న చప్పుడు,
నెత్తి నుంచి కాలిదాకా పేడవాసన.
డ్రైవరు స్టీరింగ్ మీంచి ఒక వేలెత్తాడు.
ఆ ఒక్క వేలూ
నాకు పదకొండు దాకా సరిపోయింది.

పదకొండుకి వెనక చక్రం ఉస్సుమంది.
ముల్లు తీశాను, అతుకేశాను. మళ్ళీ ముల్లు.
ఆఖరి అతుకు ఎండకి జిగురు పట్టక
పెనం మీది అట్టులా అంచు లేచింది.
నీడ లేదు. గద్దలు మాత్రం
నా తలమీద తీరిగ్గా లెక్కలేసుకుంటున్నాయి.
నోరు పిడచగట్టింది. ఆరు కిలోమీటర్లు
సైకిలు నన్నెక్కి ప్రయాణం చేసింది.

ఏటి దగ్గర 'మొసళ్ళున్నాయి' బోర్డు,
దాని మీద తుపాకీ చిల్లులు.
నీటికి బాగా ఎగువన గాలపు తాడు పట్టుకుని
డల్సీ ఆంటీ, గంగలిద్దా పెద్దావిడ.
పక్కన మనవడు టైరెల్.
"ఎవరి మీద అలిగొచ్చావు?" అంది.
ఎవరి మీదా కాదన్నాను.
"మరి కారు లేదా?"
"ఉంది."
గాలాన్ని ఇంకాస్త దూరం విసిరింది
ఈ మాటలు చేపలు వినకూడదన్నట్టు.

టైరెల్ నా టైరు నొక్కి చూశాడు.
"నాదీ అంతే" అని తన సైకిలు వెల్లకిలా పడేసి
టైరంచు లాగాడు. లోపల ట్యూబు లేదు,
కిక్కిరిసి గడ్డి!
"మరీ ఎండింది కాదు, సగం పచ్చిది.
మెలిపెట్టి కుక్కాలి. ఖాళీ వదలకు.
అదేం కుక్కడం? గట్టిగా!"
పదేళ్ళ మేస్త్రీ ముందు
చేతులు కోసుకుంటూ గంటన్నర
నోరెత్తలేదు నేను.

ఈలోపు ఆంటీకి చేప పడింది.
ఉల్లిపాయ ఇప్పుడు కోశాను.
కళ్ళు మండితే ఎవరూ ఏమీ అనలేదు.

ఎండ వాలాక బయల్దేరాను.
గర్రు గర్రుమంటూ చక్రం కింద గడ్డి నలుగుతోంది,
కోతరోజు వాసనేస్తోంది సైకిలు,
కాస్త కుంటుతోంది కూడా.
అలవాటుగా అద్దంలోకి చూశాను.
పెడళ్ళ మీద లేచి నిలబడి వస్తున్నాడు టైరెల్,
రెండు కిలోమీటర్లు.
కూర్చోమనలేదు.

రాత్రి, రోడ్‌హౌస్ గోడకి సైకిలు చేరేసి
టార్చి వేసి చూస్తే
ట్యూబు మూతి ఉండాల్సిన చిల్లులోంచి
చీమలు దిగుతున్నాయి వరసగా,
పద్దెనిమిది కిలోమీటర్లు టికెట్ లేకుండా వచ్చి.

ఒక్కొక్కటే దిగుతుంటే
నిలబడి లెక్కపెట్టాను,
ఎవరూ లోపల ఉండిపోకుండా.