మూడు గంటల నీళ్ళు

తెల్లారుజాము మూడింటికి
గుంటలో గాలి సన్నగిల్లుతుంది.
మీటరు ముంచి చూస్తా: నాలుగు పాయింట్ రెండు.
నాలుక్కి దిగితే రెండో ఏరేటరు వెయ్యాలి,
లేకుంటే రొయ్య పైకొచ్చి మీసాలాడిస్తుంది
ఊపిరి అప్పడిగినట్టు.

ఆ గంటకే నా ఒంట్లోనూ
ఏదో అడుగంటుతుంది.
వేళ్ళు చల్లబడతాయి.
పుస్తకంలో ఆరు రాయబోతే తొమ్మిదై పడుకుంటుంది.
నన్ను ముంచి చూసే మీటరు
కంపెనీ ఇయ్యలా.

ఇరవై రెండేళ్ళు ఇసకపల్లి ఉప్పు మడుల్లో బతికినోణ్ణి.
ఉప్పు తీసేవాడికి పొద్దే మేస్త్రీ,
లేపేదీ అదే, ఇంటికి తోలేదీ అదే.
మడులు పోయి గుంటలొచ్చినాయి.
మేస్త్రీ మారినాడని
నాకు చెప్పారు గానీ
నా ఒంటికి ఎవరూ చెప్పలా.

మొదటి నెల
పొద్దున ఎనిమిదికి మంచమెక్కితే
రెప్పల కింద తెల్లగా ఉప్పు కుప్పలు.
చేపలామె కేక, పక్కింటి మిక్సీ,
గ్యాసు బండి పాట.
రెండింటికి లేచి
వంకాయ పులుసు మీద అరిచినా.
పులుసు తప్పేం లేదు.

కృష్ణపట్నం రేవులో క్రేను తిప్పే మా బామ్మర్ది మాల్యాద్రి,
తొమ్మిదేళ్ళు రాత్రుల్ని మింగినోడు, అన్నాడు:
"ఒంటిని తిట్టబాక బావా, అది ఎద్దు.
కొత్త కాడికి ఒక్కరోజులో మెడ వంచదు.
దానికి పొద్దుని చూపించబాక, అంతే.
రెండు దాటినాక టీ ముట్టబాక.
తిండి పదింటికే తిను,
తెల్లారి కడుపు నింపితే
కడుపు మేలుకోనుంటది, నువ్వూ మేలుకోనుంటావు."

ఉప్పు మడుల నాటి నల్లద్దాలు
పెట్టె అడుగునుంచి తీసినా.
అప్పుడు తెలుపుకి, ఇప్పుడు తెల్లారడానికి.
గుంటల కాణ్ణుంచి అల్లూరుకి బండి తోలేటప్పుడు
పొద్దు వీపు మీదే ఉంటుంది, ముందుకి రాలేదు,
రాలేక అద్దంలో దూరి వెంబడిస్తుంది.
అద్దం మడిచేస్తా.
సెంటర్లో టీ బంకు కాడ నవ్వుతారు,
"ఏం మస్తానయ్యా, మార్నింగ్ షోకా?"
అవునంటా.

రవణమ్మ ఫీడు సంచులు కుట్టి
కిటికీకి పరదా కట్టింది.
ఇంట్లో మేత వాసన.
అయినా కుట్టు సందులోంచి ఒక్క చుక్క ఎండ జారి
గోడ మీద రొయ్యపిల్లలా ఈదుతుంది.
దాన్ని చూస్తా చూస్తా
ఒక్కోరోజు పదకొండు దాకా, ఒక్కోరోజు మూడు దాకా
నిద్రపోతా.

సెలవు రోజే చిక్కు.
ఒక్క రాత్రి మామూలు మనిషిలా పడుకుంటే
ఆరు రాత్రుల పని కొట్టుకుపోతుంది.
అందుకని మంగళవారాలు
వరండాలో రెండు దాకా ఊరికే కూర్చుంటా.
కుక్కలకి కూడా అలవాటైపోయినా, మొరగవు.
రవణమ్మ కాసేపు తోడుంటానని వచ్చి
చిక్కుడుకాయలు ఈనెలు తీస్తా
కూర్చున్నచోటే ఒరుగుతుంది.

ఇది నాలుగో నెల.
మారిందా అంటే, పూర్తిగా మారలా.
ఎద్దు కాడి మోస్తుంది గానీ
తూర్పుకేసి చూడ్డం మానలా.

ఒకటి మాత్రం నేను అనుకోలా.
మూడింటికి రవణమ్మకీ మెలకువొస్తుందంట.
అలారం లేదు, ఎవరూ లేపలా.
"ఏందో మనసు, టక్కున లేస్తాది,
నీళ్ళు తాగి మళ్ళా పడుకుంటా" అనింది,
తప్పు చేసినట్టు.

ఇప్పుడు, మీటరు నీళ్ళలో ఉండంగానే,
జేబులో ఫోను
ఒక్కసారి వణికి ఆగిపోతుంది.
ఎత్తను. ఎత్తితే రూపాయి కాదు పోయేది,
ఆమె నిద్ర.

మూడు పాయింట్ తొమ్మిది.
లేచి
రెండో ఏరేటరు వేస్తా.