మ వత్తు

షార్జా. బుధవారం సాయంత్రం. ప్రింట్ ల్యాబ్.
ఇరవై కుర్చీలు వేశాను, ఏడుగురొచ్చారు.
డిజైన్ క్లబ్ అధ్యక్షురాలంటే ఏసీ రిమోట్ వెతికే మనిషి,
సమోసాల లెక్క రాసే మనిషి.

మా మొదటి క్లయింటు అందరికంటే ముందే వచ్చి కూచున్నాడు:
రోలా వెనక సందులో టైలరు, జగిత్యాల మొండయ్య.
"లక్ష్మి టైలర్స్ అని మూడు లిపుల్ల గావాలె బిడ్డా."

తెర మీద మ వత్తు జారి
క్ష పక్కన అలిగి కూచుంది.
నాకు కనబడలేదు.
తెలుగు రాని హింద్ వేలు పెట్టి చూపింది:
"ఇక్కడ తెగింది. మా అక్షరాల్నీ ఇలాగే
చేతులు విడదీసి నిలబెడుతుంది యంత్రం."

మౌస్ పక్కకు నెట్టి పెన్సిళ్లు తీశాం.
ఆమె కుడి నుంచి, నేను ఎడమ నుంచి.

ఫీజెంతని అడిగాడు మొండయ్య.
క్లబ్ నియమావళి తిరగేశాను. ఆ పేజీ లేదు.
"హింద్ అబాయా అంచు ఊడింది,
అది కుట్టండి" అన్నాను.