పైచదువు

సర్వే ట్యాబులో చదువు అన్న గడికి ఏడు జవాబులు.
వేలితో ఒక్కటే ముట్టాలి.
హెడ్మాస్టరు గారు పొద్దున్నే చెప్పేశారు:
"మీరు చిన్నవారు కదా, కొండ ఇళ్ళు మీకు రాశాను."

కంచరపాలెంలో పట్టాలు దాటాక మొదలవుతాయి మెట్లు.
రోడ్డు మీది మిద్దెలో కోడలు బీకాం.
ఫ్యాను గాలి గుమ్మం దాకా వస్తుండగా చెప్పింది,
మంచినీళ్ళు కావాలా అని కూడా అడిగింది.

పద్దెనిమిదో మెట్టు. ఆటో తోలే మరిడయ్య.
ఇంటరు తప్పారా అంటే ఊరుకోలేదు.
"తప్పలేదు మేడం. ఫీజు కట్టలేదు. రాసుంటే పాసే."
ఆ మాటకి గడి లేదు. పది ముట్టాను.

నలభై దగ్గర ఒకావిడ తొమ్మిది.
పక్కింటాయన, షిప్‌యార్డులో కూలి, ఏడున్నర అన్నాడు,
ఆ సగం మాత్రం ఎందుకు వదులుకోవాలన్నట్టు.
అరవై దాటాక ఐదులు,
మూడులు,
"బళ్ళోకెల్లినాను గానీ" అని ఆగిపోయిన వాక్యాలు.

ఎనభయ్యో మెట్టు మీద ఊపిరందక కూలబడి
కింది నుంచి పైదాకా చూసుకున్నాను నా లెక్క.
పైచదువులు అంటాం క్లాసులో పిల్లలతో.
బాగా చదివితే పైకొస్తారు అంటాం.
ఇక్కడ పైకెళ్ళే కొద్దీ చదువు దిగిపోతోంది.

కింద చోటు నిండాక వచ్చినవాళ్ళవి పైఇళ్ళు.
పలాస నుంచి, పాతపట్నం నుంచి వచ్చి
రాయి తొలిచి, రేకు కప్పి, పొయ్యి పెట్టారు.
వాళ్ళతో కొండెక్కనిది కొళాయి ఒక్కటే.
అది రోడ్డు వారనే ఉంది. ఎనిమిదిన్నరకి వస్తుంది.
బడి గంట తొమ్మిదికి. కొట్టించేది నేనే.

చివరి ఇల్లు. నూట పద్దెనిమిది.
హార్బరు దగ్గర రొయ్యలు ఒలిచే అసిరమ్మ
పాసిన వేళ్ళకి పసుపు అద్దుకుంటోంది.
"నాకేటి సదువమ్మా. బస్సు నంబరొకటి తెల్సు.
రెండు కొక్కెంలాగుంటాది, ఎనిమిదేమో ముడేసిన తాడు.
ఆ రెండూ పక్కపక్కన కనబడితే ఎక్కెత్తాను."
నిరక్షరాస్యులు. ముట్టాను.

కూతురు రిజిస్టరులో జ్యోత్స్న, ఇంట్లో జోసన.
ఎనిమిదిలో మానేసింది.
మానడానికి ట్యాబు నాలుగు కారణాలిచ్చింది:
ఆసక్తి లేకపోవడం, ఆర్థిక ఇబ్బంది, వివాహం, ఇతరాలు.
ఏది, అన్నాను.
"నీళ్ళు" అంది.
ఇతరాలు ముట్టాను.

"పూటకి ఆరు బిందెలు మేడం.
దిగీ ఎక్కీ పద్నాలుగొందల పదహారు మెట్లు."
కాగితం లేదు. వేలైనా ముడవలేదు.
తనకి కనబడకుండా ట్యాబు తిప్పి గుణించి చూశాను.
సరిగ్గా అంతే.
చూసినందుకు నాకే ఎలాగో అయింది.

దిగబోతుంటే కనబడ్డాయి
మెట్టుకొకటి చొప్పున, ఇటుక ముక్కతో రాసిన అక్షరాలు.
వాళ్ళ గుమ్మం ముందే అ.
తమ్ముడికట. బిందెల వెంట తిప్పుకుంటూ నేర్పుతోందట.
ఋ కొమ్ము కాస్త వంకర.
ఖ మీద నీళ్ళు తొణికి సగం చెరిగింది,
మళ్ళీ దిద్దారు, మళ్ళీ చెరిగింది.

అక్షరం తొక్కితే వంగి కళ్ళకద్దుకోమని
మా నాయనమ్మ నేర్పిన కాళ్ళు ఇవి.
ఆయాసంలో ఎక్కేటప్పుడు అన్నీ తొక్కే ఉంటాను.
మెట్లు ఇరుకు. గోడ పట్టుకుని, మడమలు వారగా పెట్టి
పీతలా దిగాను.
"జారతారు మేడం" అని పైనుంచి జోసన.

త దగ్గర ఆగిపోయాయి.
పక్కనే చిన్నగా, తమ్ముడు, అని రాసి ఉంది.

ఆ కింద మెట్లన్నీ ఖాళీ.
నేను కూలబడిన ఎనభయ్యోదీ ఖాళీయే.
అక్కడి నుంచి మామూలుగా దిగాను.