మిగతా సగం గురువారం

పొదలకూరులో కరెంటు స్తంభాలన్నీ చదివినా,
అక్షరం అక్షరం కూడబలుక్కుంటా.
లెక్కలకు సారుండాడు, ఫిజిక్సుకు సారుండాడు,
మొలలకు మందుండాది.
ఎకనామిక్సుకు ఒక్క రేకు ముక్క లేదు.

"సీఈసీనా? ఎంపీసీలో సీటు రాలేదా మే?"
అనడిగినోళ్ళే గానీ
ఫోన్ నంబరిచ్చినోళ్ళు లేరు.
దీనిక్కూడా ట్యూషనా అని
నిమ్మకాయల కొట్టు గుమాస్తా నవ్వినాడు,
నేనేరిన కుప్పలోంచి ఒక కాయ తీసి వాసన చూస్తా.

నెల్లూరు పోయినాం.
పొగతోటలో మేడమీద సారు, చల్లటి గది.
దిండంత జిరాక్సు కట్ట ముందర పెట్టి
"కంఠతా పడితే తొంభై" అన్నాడు.
మా వెంగ ఏదో అడగబోయింది.
"డౌట్లు జనవరిలో" అన్నాడు.
నెలకు ఐదువేలు.

తిరుగు బస్సులో టిక్కెట్టు వెనక వెంగ లెక్కేసింది:
బస్తా ఏరితే అమ్మకు పద్దెనిమిది,
ఐదువేలంటే రెండొందల డెబ్బై ఎనిమిది బస్తాలు,
పైన నాలుగు రూపాయలు మిగులు.
"ఆ నాలుగుతో ఏం కొనుక్కుందామే" అన్నా.
ఇద్దరం నవ్వినాం. కండక్టరు మావైపు చూసినాడు.

తర్వాత బ్యాంకు పరీక్షలకు చదివే పిల్లోడొకడు
ఇంటికొచ్చి చెప్తానన్నాడు.
నాలుగు రోజులొచ్చినాడు, ఒక కన్ను ఫోను మీదే.
ఐదో రోజు వాడి ఫలితాలొచ్చినాయి, వాడు రాలేదు.
పాసయినాడో లేదో, అదీ చెప్పలా.

ఎరువుల కొట్లో చిట్టా రాసే ఖాసింపీరా
ఎం.ఏ. చదివినాడని
మూడేళ్ళుగా ఆయన కాడ మందు డబ్బాలు కొనే
మా తమ్ముడు మస్తానుకే తెలీదు.
పదిహేను వందలడిగినాడు.
పన్నెండుకు దించినా.

మొదటి రోజే వెంగ పుస్తకం మూసి అడిగింది:
"ధర తగ్గితే ఎక్కువ కొంటారని ఉండాది గదా సార్,
మరి వానల్లో మన కాయల్ని
రోడ్డు పక్కన ఎందుకు పారబోస్తాం?"

ఆయన గడ్డం గీరుకున్నాడు.
పెన్నుకు మూత పెట్టినాడు, తీసినాడు.
పొయ్యిమీద కుక్కరు రెండు కూతలేసింది.
"సగం తెలుసమ్మా.
మిగతా సగం గురువారం చెప్తా."

ఆయన పొయినాక మెల్లిగా అన్నా:
"తెలీదంటుండాడే, ఇంకొకర్ని చూద్దామా?"
"ఈయనే" అనింది, తల కూడా ఎత్తకుండా.

గురువారం వాన.
మోపెడ్ ఆపి, చొక్కాలోంచి
ప్లాస్టిక్ కవరు తీసినాడు.
అందులో ఎరువుల బిల్లు, బిల్లు వెనకాల
నిట్టనిలువుగా ఒక గీత.
"అన్నంలో పిండుకునేది ఒక్క చెక్కే గదమ్మా.
చవకైందని నాలుగు చెక్కలు పిండుకుంటామా?"
దానికేదో పేరుంది, వ్యాకోచత్వమంట.
నాకు పేరు నోరు తిరగలా.
చెక్క మాత్రం అర్థమైంది.
పదకొండేళ్ళు ఆ కాయలు ఏరినా,
ఒక్కరోజూ ఇట్ట అనుకోలా.

ఆ రాత్రి దీపమార్పినాక వెంగ అనింది:
"అమ్మా, కొట్లో వాళ్ళు నీతో ఆడే బేరమే
నువ్వు సారుతో ఆడినావు."
నేను దుప్పటి ముఖం మీదకు లాక్కున్నా.
రెండో నెల పదిహేను వందలూ ఇచ్చినా.
ఆయన లెక్కపెట్టుకోలేదు, ఏమీ అనలేదు,
పన్నెండిచ్చినప్పుడూ అనలేదు.

నిన్న వెంగ ఇంకోటి అడిగింది:
"ఎండాకాలం బస్తా ఐదువేలు పలికినా
మా అమ్మకు ఆ పద్దెనిమిదే ఎందుకు సార్?"

ఆయన నా వైపు చూసినాడు.
మళ్ళీ పుస్తకం వైపు చూసినాడు.
"ఈ పాఠంలో లేదు" అన్నాడు.
కొంచెం ఆగి,
"ముందుంది. కూలి పాఠం. దసరా సెలవులయ్యాక."

అది ఎన్నో పేజీలో ఉండాదో నాకు తెలీదు.
ఆ రోజు మాత్రం
కుక్కరు ముందే దించేసి కూర్చుంటా.